డేరా గుంజకు కట్టిన ఉయ్యాలలు

డేరా గుంజకు మొదటి ఉయ్యాల ఎవరు కట్టారో దయామణి చూడలేదు. మధ్యాహ్నం ఆటకి ముందు ఆడవాళ్ళ గుమ్మం దగ్గరికి వచ్చేసరికే అది అక్కడ ఉంది. చీర అంచు చింపి, నడుమ ఒక గులకరాయిని బిడ్డలా పడుకోబెట్టి, రెండు కొసలూ గుంజకు ముడివేసిన బుల్లి ఉయ్యాల. పిల్లలు లేని ఆడవాళ్ళు అమ్మవారి దగ్గర కట్టుకునే మొక్కుబడి అది. సినిమా డేరాకి కట్టడం మాచర్లలో అంతకుముందు ఎవరూ ఎరగరు.

ఎందుకు కట్టారో కాసేపటికి ఆమెకే తట్టింది. ఈ డేరాలో రోజూ మధ్యాహ్నం ఒక బిడ్డ పుడుతుంది. తెరమీద, అందరూ చూస్తుండగా, కెవ్వుమని ఏడుస్తూ పుడుతుంది. రోజూ తప్పకుండా బిడ్డ పుట్టే చోట దేవత లేకుండా ఎలా ఉంటుందని ఏ తల్లికో తోచింది. అందులో నవ్వడానికేమీ లేదు. పదేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఎక్కడ ఆశ కనిపిస్తే అక్కడే గుడి.

"అంకారావు గారూ, దీన్ని తీయించండి. పాపం, నమ్ముకుంటున్నారు" అంది దయామణి.

అంకారావు ఆ టూరింగ్ సినిమాకి యజమాని. బయటికి వచ్చి ఉయ్యాల చూశాడు. తప్పిపోయిన గేదె దానంతట అదే ఇంటికొచ్చినట్టు వెలిగిపోయింది ఆయన మొహం. తీయించడం మాట అటుంచి, తనే పసుపు తెప్పించి గుంజ మొదలంతా పూయించాడు. కుంకుమ బొట్లు పెట్టించాడు. కానుకలకని కింద ఒక ఇత్తడి పళ్ళెం పెట్టించాడు. వారం తిరిగేసరికి గుంజ కనపడకుండా ఉయ్యాలలు వేలాడుతున్నాయి, పళ్ళెం రోజుకి రెండుసార్లు ఖాళీ అవుతోంది.

ఆ డేరాలో ఆడుతున్నది బొంబాయి నుంచి తెచ్చిన దొరల బొమ్మ. నాలుగైదు బొమ్మల ముక్కలు కోసి అతికించింది. అంకారావు దానికి 'జన్మ విజ్ఞానం' అని పేరు పెట్టాడు. గోడలమీద కాయితాలు అంటించాడు: 'పెద్దలు, సంసారులు తప్పక చూడదగిన విజ్ఞాన చిత్రము. స్త్రీలకు మధ్యాహ్నము, పురుషులకు సాయంత్రము. చూడలేక సొమ్మసిల్లువారికి నర్సు సదుపాయము కలదు.' విజ్ఞానమంతా అక్షరాల్లోనే ఉంది. పక్కనున్న దొరసాని బొమ్మకి మటుకు భుజాలమీద గుడ్డ లేదు.

ఆ నర్సు సదుపాయం దయామణే. ఆమెది రెంటచింతల. మొగుడు పోయాక మిరపచేలల్లో కూలికి పోయేది. చదవడం రాయడం వచ్చు. కృష్ణ అవతలి ఒడ్డున రజాకార్ల గొడవ సద్దుమణిగి, భయం లేకుండా జనం మళ్ళీ ఊళ్ళు తిరుగుతున్న ఆ ఏడాది, అంకారావు ఆమెను చూసి పనిలో పెట్టుకున్నాడు. తెల్ల చీర, నెత్తిన తెల్ల టోపీ, గుండెమీద పిన్నుతో గుచ్చిన నడవని గడియారం ఇచ్చాడు. "మీ కిరస్తానీ వాళ్ళు తెల్లచీర కడితే చాలు, జనం ఇంకో మాట అడగరు" అన్నాడు. ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. కానీ, "తెలియక చచ్చిపోతున్న ఆడవాళ్ళకి నాలుగు ముక్కలు తెలిసేట్టు చేస్తున్నాం" అని కూడా అన్నాడాయన. ఆమె అక్క కాన్పులో పోయినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళకి ఏడవడం తప్ప ఏమీ తెలియదు. అందుకని ఆ మాట నమ్మింది. నమ్మి టోపీ పెట్టుకుంది.

ఆడవాళ్ళ ఆటలో ఒక దొరల పిల్ల దారితప్పి ఏడుస్తుంది. తర్వాత బిడ్డ పుడుతుంది. మధ్యలో మైకు పట్టుకుని డాక్టరు మాట్లాడతాడు. డాక్టరంటే కోటయ్య. నాటకాల్లో రాజు వేషాలు వేసినవాడు, గొంతు పెద్దది, మెడలో గొట్టం వేసుకుంటే డాక్టరే. పతికి అణిగి ఉండమనీ, చాటుమాటు పనులు చేయవద్దనీ చెప్పి పంపేస్తాడు.

సాయంత్రం మొగవాళ్ళ ఆటలో ఇంకో రీలు ఎక్కువ. సుఖరోగాల రీలు. దాన్ని చూడటానికే డేరా నిండిపోయేది. ఆ ఆటలో ఆడమనిషి కంటబడకూడదు గనుక దయామణిని తెర వెనక కూర్చోబెట్టేవారు. అక్కడినుంచి బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. రోగమొచ్చిన ఆడవాళ్ళ ఒళ్ళు చూపిస్తుంటే మొగవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. పుళ్ళు చూసి ఈలలు వేయడమేమిటో ఆమెకి అర్థమయ్యేది కాదు. "చూడండి అయ్యలారా, సిగ్గులేని ఆడది మొగాడికి అంటించే జబ్బులివి" అని కోటయ్య మైకులో ఊదరగొట్టేవాడు. రీలు చివర్లో ఒక తెల్లకోటు దొర నల్లబల్ల మీద మొగ బొమ్మ గీసి, ఆడ బొమ్మ గీసి, మొగ బొమ్మ నుంచి ఆడ బొమ్మకి బాణం గీసేవాడు. కోటయ్య నోరు విప్పకుండా ఉండేది అప్పుడొక్కసారే.

ఒకరోజు ఆమె అడిగింది. "కోటయ్య గారూ, ఆ బల్లమీద బాణమేంది?"

"మొగుడి సెగజబ్బు పెళ్ళానికి అంటుకుంటదని. లోపల నాళాలు పూడుకుపోతాయంట, ఇంక కడుపు పండదు. బొమ్మతో వచ్చిన కాయితంలో రాసుంది. గొడ్రాళ్ళనిపించుకునే వాళ్ళలో చానామంది పాపం మొగుళ్ళదేనంట." బీడీ ముట్టించుకుంటూ, మార్కెట్లో మిరపకాయల ధర చెప్పినట్టు చెప్పాడు.

"మరి ఆ రీలు ఆడాళ్ళకి వెయ్యరేం?"

"వేస్తే సాయంత్రం ఆటకి ఎవడొస్తాడు?" అని నవ్వాడు కోటయ్య.

ఆట అయ్యాక ఇంకో వ్యాపారం ఉండేది. డేరా వెనక గుడ్డలో జానెడు చీలిక ఉంది. రోగమున్న మొగవాళ్ళు చీకట్లో వచ్చి ఆ చీలికలోంచి చెయ్యి పెడితే, లోపలున్న దయామణి నీలం సీసా ఒకటి ఆ చేతిలో పెట్టాలి. సీసామీద సింహం బొమ్మ. లోపల కాచు కలిపిన నీళ్ళు, చిటికెడు పటిక. ఆ నీళ్ళు కలిపేదీ ఆమే. మొహాలు కనపడవు, చేతులే. గాజులమ్మేవాడి చేతులు, నాగలి పట్టిన చేతులు, ఉంగరాలున్న చేతులు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేని ఒక కుడి చెయ్యి వచ్చింది ఒకనాడు. ఆమె ఆ చెయ్యిని గుర్తుపెట్టుకోవాలనుకోలేదు, అదే గుర్తుండిపోయింది.

మాణిక్యమ్మ అనే ఆమె మధ్యాహ్నం ఆటకి వరసగా వస్తూ ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఒకరోజు ఆట వదిలాక అందరూ పోయేదాకా నిలబడి, తెల్లచీర కొంగు పట్టుకుంది.

"నర్సమ్మా, నా చెయ్యి చూసి చెప్పు. నాకు పిల్లలు పుడతారా?"

దయామణికి నాడి చూడటం రాదు. అయినా చెయ్యి పట్టుకుంది.

"పెళ్ళయి పదేళ్ళయింది. పెళ్ళయిన ఏడాదికే పొత్తికడుపులో నెప్పి పట్టుకుంది, కాగడాతో కాల్చినట్టు. అప్పుడే పాడైపోయింటది నా కడుపు. మా ఆయన చానా మంచోడమ్మా. పదేళ్ళు ఓర్చుకున్నాడు. ఇప్పుడు రాజుపాలెం పిల్లని చేసుకుంటున్నాడు. ఎల్లుండే ముహూర్తం. పదహారేళ్ళ పిల్ల. నన్ను కూడా ఉండమన్నాడు, పశువుల కొట్టం పక్కన గది ఇచ్చాడు. ఈ రెండ్రోజుల్లో నెల తప్పానని తేలితే ఆపుతాడేమోనని..." అని ఆగి, గుంజవైపు చూసింది. "ఎర్రంచుది నాదే."

"మీ ఆయన ఏం చేస్తాడక్కా?"

"నాపరాతి గని కాంట్రాక్టు. రోశయ్యంటే అందరికీ తెలుసు. అదుగో, బండి దగ్గర."

రోశయ్య చింతచెట్టు నీడన బండికి ఆనుకుని నిలబడ్డాడు. మల్లెపువ్వులాంటి పంచె, మెడలో గొలుసు. భార్యని రమ్మని చెయ్యెత్తి ఊపాడు. కుడి చెయ్యి. గనిలో మందుగుండు పేలి ఊడిపోయిన రెండు వేళ్ళ చోట నున్నగా ఉంది.

దయామణి ఆ చేతిని గుర్తుపట్టింది. సీసా ఆ చేతిలో పెట్టింది తను. ఆ నీళ్ళు కలిపింది తను. ఆ మనిషి జబ్బు తెచ్చి, పెళ్ళానికి అంటించి, పదేళ్ళు ఆమె చేత రాళ్ళకి ఉయ్యాలలు కట్టించి, చివరికి పశువుల కొట్టం పక్కకి నెట్టి, అదే జబ్బుతో ఇంకో పిల్ల మెడలో తాళి కట్టబోతున్నాడు. ఆమె ఇంకా వాణ్ణి మంచోడంటోంది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియనంత కోపం వచ్చింది దయామణికి.

తిన్నగా అంకారావు దగ్గరికి పోయింది. "ఆ బల్లమీద గీసే రీలు రేపు ఆడాళ్ళకి వెయ్యండి. ఒక్కపూట."

"పిచ్చిగాని పట్టిందా? రేపొక ఆడది ఇంటికెళ్ళి మొగుణ్ణి నిలదీస్తే ఎల్లుండి నా డేరాకి అగ్గి పెడతారు."

"విజ్ఞాన చిత్రమని మీరే గదా రాసింది."

"నువ్వు నర్సువని కూడా రాశాను. అయిపోయావా నర్సువి?" అంకారావు గొంతు పెంచలేదు, ఆ అవసరం లేదనుకున్నాడు. "నోరెత్తావంటే మిరపచేలో కూలిదానివని మైకులో చెబుతా. ఈ ఆడాళ్ళే నిన్ను దుమ్మెత్తిపోస్తారు. నోరు మూసుకుని టోపీ సర్దుకో."

మర్నాడు మధ్యాహ్నం రోశయ్య బండిలో ముగ్గురు దిగారు. మాణిక్యమ్మ, రాజుపాలెం గంగమ్మ, గంగమ్మ కూతురు. కాబోయే అత్తకీ పెళ్ళికూతురికీ ఆయనే టిక్కెట్లు కొనిచ్చాడు. కానుపు బొమ్మ చూసిపోతే శుభమని ఊళ్ళో అనుకుంటున్నారుగా. గంగమ్మ కాళ్ళకి ఇంకా పొలం మన్ను పగుళ్ళు ఉన్నాయి. గొప్ప సంబంధం దొరికిందని ఆమె మొహంలో సంతోషం దాగడం లేదు. ఆ పిల్ల గుంజమీది ఉయ్యాలలు చూసి, ఇవేమిటని తల్లిని అడిగింది. "నీకెందుకే, నీకు ఏడాదికల్లా పుడతాడు" అంది గంగమ్మ. పక్కనే నిలబడి మాణిక్యమ్మ ఆ మాట విన్నది.

బొమ్మ ఆడింది. బిడ్డ పుట్టింది. డేరాలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు, కొందరు చేతులెత్తి దణ్ణం పెట్టారు. తెర పక్కన కోటయ్య మైకు అందుకున్నాడు.

"అమ్మలారా, ఆడదాని కడుపు పొలం లాంటిది. పొలం చౌడైపోతే రైతు వేరే పొలం చూసుకుంటాడు. అది రైతు తప్పు కాదు. పిల్లలు లేని తల్లులు ఏడవకుండా, వచ్చే చెల్లెలికి హారతిచ్చి లోపలికి పిలుచుకోవాలి..."

మాణిక్యమ్మ తల ఊపడం దయామణి చూసింది. నిజమేనని, బుద్ధిగా, బడిలో పిల్లలా ఊపింది. ఆ తల ఊపడం చూసి తట్టుకోలేకపోయింది. గుమ్మం దగ్గరనుంచి జనం మధ్యగా నడిచి వెళ్ళి కోటయ్య చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఇది అబద్ధం. సాయంత్రం మొగాళ్ళకి వేసే రీలు ఒకటుంది, మీకు వెయ్యరు. అందులో ఏముందో నేను చెబుతా. మొగుడికి సెగజబ్బు ఉంటే అది పెళ్ళానికి అంటుకుంటది. కడుపులో నెప్పి వస్తది. లోపల దారి మూసుకుపోతది. పిల్లలు పుట్టకపోతే నీదే పాపమని అన్నారే, ఆ పాపం ఇంటికి తెచ్చింది వాడు..."

"జమాల్, ఇంజను ఆపు" అని వెనకనుంచి అంకారావు కేకేశాడు. బయట ఆయిలింజను దగ్గరున్న జమాల్ ఆపేశాడు. మైకు చచ్చిపోయింది. కానీ పొద్దున్నుంచీ డబడబమని కొట్టుకుంటున్న ఇంజను మోత కూడా దాంతోపాటే పోయింది. ఆ నిశ్శబ్దంలో దయామణి మామూలు గొంతు డేరా చివరిదాకా వినిపించింది.

"ఈ డేరా వెనక వాళ్ళకి మందు అమ్ముతున్నారు. అది మందు కాదు, కాచు నీళ్ళు. నేనే కలిపాను. మీ ఇంట్లో పెట్టెలోనో, పటాల వెనకో, సింహం బొమ్మున్న నీలం సీసా ఉందేమో చూసుకోండి. ఉంటే మీ కడుపుని తిట్టుకోకండి."

అంకారావు జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. "తల్లులారా, దీని మాట నమ్మొద్దు. ఇది నర్సు కాదు. రెంటచింతలలో మిరపకాయలు కోసే కూలిది. మోసం చేసి చేరింది."

డేరాలో గుసగుసలు లేచాయి. దయామణి టోపీ తీసి కింద పెట్టింది.

"నిజమే. కూలిదాన్నే. చేలో పనిచేసినదాన్ని గనకే చెబుతున్నా. పుచ్చు విత్తనం చల్లినోడు పొలాన్ని తిట్టకూడదు."

ముందు వరసలో ఒక ముసలామె మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచింది. "నిన్నటిదాకా నర్సమ్మ, నర్సమ్మ అని అరిచింది నువ్వే గదయ్యా. గోడలకి అంటించింది నువ్వే. ఇయాళ నిజం చెప్పేసరికి కూలిదైపోయిందా?" అంది అంకారావుతో. ఆడవాళ్ళు నమ్మాలని నర్సు వేషం కట్టించినవాడు, నమ్మేశాక ఏం చేస్తాడు?

అప్పుడు గంగమ్మ పక్కకి తిరిగింది. ఇందాకటి సంతోషం లేదు మొహంలో. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"అమ్మాయ్, నా బిడ్డలాంటిదానివి, నిజం చెప్పు. మీ ఇంట్లో ఉందా ఆ సీసా?"

ఆ వరసలో వాళ్ళంతా మాణిక్యమ్మ వైపు తిరిగారు. లేదు అంటే చాలు. మొగుడి పరువు నిలబడుతుంది. తనకి కొట్టం పక్క గది, రెండుపూటలా తిండి ఉంటాయి. రేపు పెళ్ళి జరిగిపోతుంది. మాణిక్యమ్మ ఆ పెళ్ళికూతురి మొహం చూసింది. ఆ పిల్ల పెళ్ళికని పెట్టుకున్న పసుపు ఇంకా చెంపలమీద ఆరలేదు.

"ఉంది" అంది మాణిక్యమ్మ. "రెండున్నాయి. ఒళ్ళునెప్పులకన్నాడు."

గంగమ్మ కూతుర్ని లేవదీసింది. బండెక్కకుండా, ఎండలో, రైలు స్టేషను వైపు నడిపించుకుపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయింది.

బయట సాయంత్రం ఆటకి మొగవాళ్ళు అప్పుడే వరస కట్టారు. ఆడవాళ్ళు గుంపుగా బయటికి రావడం చూసి, ఏదో తమాషా జరిగిందని మెడలు చాచారు. మాణిక్యమ్మ గుంజ దగ్గర ఆగింది. ఎర్రంచు ఉయ్యాల ముడి విప్పింది. గట్టిగా వేసిన ముడి, గోళ్ళు విరిగాయి. దయామణి సాయానికి చెయ్యి వేయబోతే, వద్దని తల ఊపి తనే విప్పుకుంది.

రోశయ్య బండి దగ్గర నిలబడి కాబోయే అత్త ఎటుపోయిందని కళ్ళతో వెతుకుతున్నాడు. "ఏమే, ఆళ్ళేరి?" అన్నాడు.

మాణిక్యమ్మ మొగుడి కుడిచెయ్యి పట్టుకుంది. పదేళ్ళలో నలుగురి ముందు ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. మూడు వేళ్ళ ఆ అరచేతిలో ఉయ్యాల పెట్టి, లోపలి గులకరాయి జారిపోకుండా వేళ్ళు మూసింది.

"పదేళ్ళు నేను కట్టాను. ఇంక నువ్వు కట్టు" అంది. "సీసాలు రెండూ కూడా తెచ్చి ఇక్కడే కట్టు, వరసలో ఉన్నోళ్ళందరూ దణ్ణం పెట్టుకుంటారు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయాడు. ఎందుకంటే ఆమె వెనకనుంచి ఇంకొక ఆడమనిషి తన ఉయ్యాల విప్పుకుని, ఆ వరసలోనే నిలబడ్డ తన మొగుడివైపు నడిచి వస్తోంది. ఆమె వెనక ఇంకొకామె. అంకారావు పసుపు పూసిన గుంజకి అడ్డం నిలబడి, పుణ్యం పోతుందమ్మా, విప్పకండమ్మా అని బతిమాలుతున్నాడు. అతన్ని పక్కకి జరిపి దయామణి, ముడి తీయలేని ముసలి వేళ్ళకి ముళ్ళు విప్పి ఇస్తోంది. తెల్లచీర కొంగు పసుపు అంటుకుని పాడైపోయింది. ఆ చీర తనది కాదు, విప్పి ఇచ్చేయాలి, ఈ సాయంత్రానికి ఆమెకి పని లేదు.

రోశయ్య చేతిలో ఉయ్యాల పట్టుకుని నడిబజార్లో అలాగే నిలబడ్డాడు. కింద పడేస్తే అందరూ చూస్తారు. జేబులో పెట్టుకున్నా చూస్తారు.